పెద్ద తాళం తీసిన రోజు

సుశీల్ కుమార్‌ను బిట్రగుంట రైల్వే యార్డులో, పట్టపగలు పదకొండు గంటలకు, మెడ మీద ఒకే ఒక్క సూది పోటుతో చంపేశారు. ఎనిమిది నెలలైంది. అతనితో పదకొండేళ్ళు కలిసి పనిచేసిన ఏజెంట్ పెంచలకృష్ణ వెళ్ళి శవాన్ని గుర్తుపట్టాడు. సంతకం పెట్టాడు. క్యాంటీన్‌లో రెండు ఇడ్లీలు తిని మధ్యాహ్నం బండికి నెల్లూరు తిరిగొచ్చాడు. ఏడవలేదు. రేపొస్తుందిలే ఏడుపు అనుకున్నాడు. రాలేదు సరికదా, దాంతోపాటు కోపం, భయం, ఆకలి కూడా సెలవు పెట్టి పోయాయి. డిపార్టుమెంటు డాక్టరు ఆ జబ్బుకు చాంతాడంత పేరు రాసిచ్చాడు. పెంచలకృష్ణకు మాత్రం అది పన్ను పీకించుకోవడానికి ఇంజక్షన్ వేశాక దవడ మొద్దుబారినట్టు ఉంది. కొరుక్కున్నా తెలియదు.

ఆ సోమవారం పొద్దున అతను స్టోన్‌హౌస్‌పేటలోని ఒక బియ్యం కొట్టు మెట్లెక్కాడు.

"మొలగొలుకులు ఉన్నాయా?"

"పాతవైతే ఉన్నాయి. కొత్తవి ఇంకా కోతకు రాలేదు," అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.

"పాతవే ఇవ్వండి. మా ఇంట్లో అందరివీ గట్టి పళ్ళు."

ఇంతకంటే తెలివితక్కువ కోడ్ దేశంలో ఇంకొకటి లేదని పెంచలకృష్ణ అభిప్రాయం. నిరుడు పాపం నిజంగానే బియ్యానికొచ్చిన ఒక పెద్దమనిషి నోట ఇవే మాటలు వస్తే, ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి రెండు గంటలసేపు రహస్యాలు చెప్పారు.

లోపలి గదిలో, శాంపిల్ బియ్యం కుప్పల వెనక, చీఫ్ ఆనందకుమారి కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

"కూర్చోండి కృష్ణా. నిద్ర పడుతోందా?"

"పడుతోంది మేడం."

"అన్నం తింటున్నారా?"

"తింటున్నాను."

"అబద్ధం కూడా సరిగ్గా చెప్పలేకపోతున్నారు," అని ఆమె ఫైల్ తెరిచింది. "గుల్లదిబ్బపాలెం. తీర నిఘా కేంద్రం. మన సముద్రం మీద కదిలే ప్రతి పడవ అక్కడి స్క్రీన్ మీద కనబడుతుంది. రాడార్, కెమెరాలు, పడవలతో మాట్లాడే వైర్‌లెస్, అన్నిటికీ ఒకే కంప్యూటర్. దాని కెర్నెల్‌లోంచి పెద్ద తాళం తీసేస్తున్నారు."

"కెర్నెల్ అంటే?"

"ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ అనుకోండి. ఒక్కో యంత్రంతో మాట్లాడడానికి అందులో ఒక్కో డ్రైవర్ ఉంటుంది. రాడార్‌కొకటి, కెమెరాకొకటి, మొత్తం ముప్పై ఒకటి. ఇన్నాళ్ళూ అన్నిటికీ కలిపి ఒకే తాళం. ఒకటి లోపలికెళితే మిగతా ముప్పై గుమ్మం బయట. కెమెరా రెండు సెకన్లు తడబడితే రాడార్ రెండు సెకన్లు గుడ్డిది. అందుకని పెద్ద తాళం పీకేసి ఎవరి గదికి వాళ్ళకు చిన్న తాళం పెడుతున్నారు."

"మంచిదేగా?"

"మంచిదే. ఆ మంచిపనిలో పగడం వేలు పెట్టింది."

పగడం అనేది సముద్రం అవతలి ముఠాకు డిపార్టుమెంటు పెట్టుకున్న పేరు. సుశీల్‌ను చంపింది వాళ్ళే. పెంచలకృష్ణ ఆ పేరు విని తన లోపల ఏమైనా కదిలిందేమోనని చూసుకున్నాడు. ఏమీ కదల్లేదు.

"సుశీల్ ఆఖరి మెసేజ్‌లో మూడే మాటలున్నాయి," అంది ఆనందకుమారి. "తాళం తీసే రోజు. అది మూడు వారాల తర్వాత వచ్చే శుక్రవారం. అదే రోజు పాలేనికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న జెట్టీకి గ్యాస్ ఓడ వస్తోంది. ఆ ఓడ పేలితే జెట్టీతో ఆగదు. పాలెంలో నాలుగొందల గడప ఉంది."

తర్వాత ఒక ఫోటో ముందుకు తోసింది. పొట్టి జుట్టు, నల్ల కళ్ళద్దాలు, ఎవరినో గెలిచి వస్తున్న నవ్వు.

"షారన్. డ్రైవర్లు తనిఖీ చేసే కన్సల్టెంట్. మనకు పనిచేస్తుంది. అంటే వాళ్ళకు కూడా పనిచేస్తుందని."

"ఏ రోజు ఎవరి మనిషి?"

"పొద్దున లేచి చూసుకుంటేగానీ ఆమెకే తెలియదు."

మారువేషం జనరేటర్ మెకానిక్. పేరు కిష్టయ్య. ఆయుధం ఒక స్టీలు టిఫిన్ క్యారియర్. పై గిన్నెల్లో సాంబారన్నం, పెరుగన్నం. అడుగు గిన్నెలో జామర్. రిమోట్‌తో నడిచేది ఏదైనా సరే, నాలుగు కిలోమీటర్ల లోపల ఆపేస్తుంది.

*

గుల్లదిబ్బపాలెంలో అతనికి పెద్దకాపు చిన్నపోలయ్య ఇంటి వెనక గది దొరికింది. ఊరి కట్టుబాట్లు చెప్పేదీ, తగువులు తీర్చేదీ ఆయనే. అరవై ఏళ్ళుంటాయి. నీళ్ళలో ఎక్కువకాలం నానిన మనిషి లాగా చేతులు ముడతలు పడి ఉంటాయి. ఆయన కొడుకు చిన్నా పెళ్ళయినవాడు, సొంత ఫైబర్ బోటు ఉంది. పోలయ్య భార్య నాగులమ్మ మొదటిరోజే కిష్టయ్యకు మాగచేపల పులుసు వడ్డించింది.

"ఎట్టా ఉండాది నాయనా పులుసు?"

"బాగుందమ్మా."

"ఉప్పెయ్యడం మర్సిపోయినా. బాగుండాదంటావే?"

పెంచలకృష్ణ గిన్నెలోకి చూశాడు. నిజంగానే ఉప్పు లేదు. ఆమె ఇంకేమీ అడక్కుండా ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. ఆ రోజు నుంచి అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చునేది, పసిపిల్లాడి దగ్గర కూర్చున్నట్టు.

నిఘా కేంద్రం పాలేనికి ఉత్తరాన, ఇసుక దిబ్బ మీద రెండంతస్తుల మేడ. అక్కడ డ్రైవర్ల పని చేసే కుర్ర ఇంజనీరు హరినాథ్. నాయుడుపేట దగ్గర వరి పండించే కుటుంబం. పద్నాలుగు నెలలుగా ఒక్కడే కూర్చుని ఒక్కో డ్రైవర్ నుంచి పెద్ద తాళాన్ని పీకుతున్నాడు. ఈ సంగతి వినే ఓపిక లోకంలో ఎవరికీ లేకపోవడంతో, జనరేటర్ మెకానిక్ దొరకగానే ప్రాణం లేచొచ్చింది.

"ఆ పాత తాళానికి ఒక మంచి గుణం ఉంది కిష్టయ్యన్నా," అన్నాడు టీ తాగుతూ. "దాన్ని పట్టుకున్నవాడు నిద్రపోయినాడనుకో, అదే జారిపోతుంది. ఇంకొకడు పని చేసుకుంటాడు. వీడు లేచినాక మళ్ళీ పట్టుకుంటాడు. కొత్త తాళాలకు ఆ దయ లేదు. పట్టుకుని నిద్రపోతే చేతిలోనే ఉండిపోతుంది. బయటోళ్ళు పడిగాపులు పడాల్సిందే."

"కంప్యూటర్‌కి నిద్రేంది?"

"నిద్రంటే, ఏదైనా జవాబు కోసం కాచుకోని ఉండడం. తాళం చేతిలో పెట్టుకుని ఎవడూ నిద్రపోకూడదు. అదే నేను వెతికేది. ముప్పై డ్రైవర్లు నేనే చూసినా. రాడార్ది మాత్రం షారన్ మేడం రాసినారు."

షారన్ వారానికి రెండుసార్లు తెల్ల కారులో వచ్చేది. నెమలికంఠం రంగు పట్టుచీర. డీజిల్ వాసనను కూడా ఓడించే సెంటు. రెండో వారంలో ఒక మధ్యాహ్నం నేరుగా జనరేటర్ షెడ్డులోకి వచ్చి నిలబడింది.

"మొలగొలుకులు బాగా ఉడుకుతున్నాయా, మిస్టర్ కృష్ణ?"

"డీజిల్ తక్కువైంది మేడం," అన్నాడు పెంచలకృష్ణ.

ఆమె నవ్వింది. "నేనంటే భయం లేదా మీకు?"

"లేదు."

"పోనీ, ఇష్టం?"

"అదీ లేదు."

"పాపం," అంది షారన్. ఆ మాటలో వెటకారం లేదు. కారెక్కి వెళ్ళిపోయింది. అతను నట్లు బిగించడం మొదలుపెట్టాడు, ఏ నట్టు దేనిదో తెలియకపోయినా.

*

శుక్రవారం తొమ్మిదింటికి కొత్త కెర్నెల్ ఎక్కించారు. ముప్పై ఒక్క డ్రైవర్లూ నడిచాయి. హరినాథ్ అందరికీ సున్నుండలు పంచాడు.

పది ఇరవైకి చిన్నపోలయ్య మోపెడ్ మీద నిఘా కేంద్రానికి వచ్చాడు. ఆయన బోటు ఇంజను పాడై వారం రోజులుగా ఒడ్డునే ఉంది. మెకానిక్ కిష్టయ్య చెయ్యి పడ్డాకే అది పూర్తిగా పాడైంది. అయినా తెల్లవారుజామున కొడుకు బోటులో వెళ్ళాడు; చిన్నా ఆయన్ని ఒడ్డున దించి మళ్ళీ వేటకు పోయాడు.

"కిష్టయ్యా, ఈ ఆఫీసోళ్ళకు చెప్పు. నీళ్ళల్లో పచ్చ డబ్బా ఒకటి తేల్తా ఉంటాదే, వీళ్ళదే, అది లేదు. ఎవురో తాడు కోసుకోని పోయినారు. పాచి కూడా పట్టలేదు కోసిన కాడ. రాత్రికి రాత్రే కోసినారు."

పెంచలకృష్ణ మెట్లు రెండేసి ఎక్కి హరినాథ్ దగ్గరికి వెళ్ళాడు. ఇక కిష్టయ్యగా ఉండే తీరిక లేదు. కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"పచ్చ బోయా దేనికి?"

హరినాథ్ కార్డు వంక, మనిషి వంక మార్చి మార్చి చూశాడు. "రోజూ పదకొండింటికి రాడార్ దాన్ని పలకరిస్తుంది సార్. అది బదులిస్తే రాడార్ చూపు సరిగ్గా ఉన్నట్టు."

"బదులివ్వకపోతే?"

"కాచుకుంటుంది." ఆ మాట నోట్లోంచి వచ్చాక హరినాథ్ ముఖం పాలిపోయింది. షారన్ రాసిన డ్రైవర్ తెరిచాడు. రెండు నిమిషాలు చదివాడు. "తాళం చేతిలో పెట్టుకునే కాచుకుంటా ఉంది సార్. పాత తాళమైతే జారిపోయేది. ఇది జారదు. బోయా లేదు, జవాబు రాదు, రాడార్ లేవదు. రాడార్ కోసం స్క్రీను ఆగుతుంది. స్క్రీను కోసం కెమెరాలు. వైర్‌లెస్ కూడా ఆ వరసలోనే."

"స్క్రీన్ నల్లబడుతుందా?"

"అట్లయితే బాగుండు. పదకొండింటి బొమ్మే అట్లా నిలబడిపోతుంది. సముద్రం ప్రశాంతంగా ఉన్నట్టే కనబడుతుంది."

"సరిచెయ్యి."

"రెండు లైన్లు. నిద్రపోయే ముందు తాళం వదలమని చెప్పాలి. అయిదు నిమిషాల పని. కానీ ఎక్కించాలంటే రెండు పాస్‌వర్డులు కావాలి. నాదొకటి, షారన్ మేడందొకటి. పదకొండింటి పలకరింపు ఆపాలన్నా అంతే. పాత కెర్నెల్‌కు పోదామంటే అంతా ఆపి మొదలుపెట్టాలి, ఇరవై నిమిషాలు ఎటూ గుడ్డే."

పెంచలకృష్ణ చీఫ్‌కు ఫోన్ చేశాడు. గస్తీ నౌక రావడానికి ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది. అప్పటికే జెట్టీకి కట్టేసి ఉన్న గ్యాస్ ఓడను వదిలించి, జెట్టీ ఖాళీ చేయించడానికి గంట. టైము పది నలభై ఒకటి.

షారన్ మేడ మీద గొడుగు కింద కూర్చుని సముద్రం చూస్తోంది.

"పాస్‌వర్డ్," అన్నాడు అతను.

"నా తలలో ఉంది. తల పగలగొడితే అదీ పగులుతుంది." ఆమె కళ్ళద్దాలు తీసింది. "సగం నిజం చెబుతాను. రెండు వైపులా సగం సగం చెప్పడమే నా ఉద్యోగం. పదకొండు తర్వాత ఒక ఫైబర్ బోటు వస్తుంది. నీలం రంగు, మీ పెద్దకాపు బోటు నంబరే రాసి ఉంటుంది. గడ్డిబొమ్మకు టోపీ పెట్టి కూర్చోబెట్టారు. మనిషి లేడు. నిండా మందుగుండు. ఏ పక్కనుంచి వస్తుందో మాత్రం అడక్కండి."

"మిగతా సగం?"

"అమ్ముతాను. పదకొండు దాటనివ్వండి. సుశీల్‌ను చంపిందెవరో చెబుతాను. పేరు, ఊరు, ఇల్లు."

పెంచలకృష్ణ ఆగాడు. మొద్దుబారిన దవడను నాలుకతో తడిమినట్టు తనలో తాను తడుముకున్నాడు. సుశీల్ ముఖం గుర్తొచ్చింది. వెనకాల ఏమీ రాలేదు.

"వద్దు," అన్నాడు.

షారన్ మొదటిసారి తడబడింది. "అక్కర్లేదా?"

"నాకేదీ అక్కర్లేదు. అదే నా జబ్బు."

అతను ఆగకుండా కిందికి పరిగెత్తాడు.

*

టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నె తెరిస్తే లోపల ఆకుపచ్చ తుప్పు పూసి ఉంది. ఉప్పుగాలికి బ్యాటరీ ఉబ్బి గిన్నెకే అతుక్కుపోయింది. మూత పెట్టేశాడు.

ఇసుకలో మోపెడ్‌కు ఆనుకుని చిన్నపోలయ్య బీడీ కాలుస్తున్నాడు.

"పోలయ్యన్నా, నేను మెకానిక్‌ని కాదు."

"తెల్సులే. మూడు వారాలాయ, ఒక్క ఇంజనన్నా బాగు చేసినావా?"

అతను అంతా చెప్పాడు. బోటు, మందుగుండు, గ్యాస్ ఓడ, నిలిచిపోబోయే స్క్రీన్. "నీళ్ళలో ఇప్పుడు ముప్పై రెండు బోట్లున్నాయి. అన్నీ నీలమే. అందులో దొంగ బోటు ఏదో ఒడ్డు నుంచి ఎట్లా కనుక్కోవడం? వైర్‌లెస్‌లో ముందే చెబితే దొంగలూ వింటారు, పదకొండు దాటితే అది పలకదు. ఫోన్లు చేద్దామా?"

"తడుస్తాయని సెల్లు ఇంట్లోనే పెట్టి పోతారు." పోలయ్య బీడీ పారేశాడు. "దురాయి ఏస్తా."

"అంటే?"

"పెద్దకాపు నడుమున కట్టుకున్న పంచె ఒడ్డున గెడకు కడతాం. అది కనబడినాదంటే నీళ్ళల్లో ఉండే ప్రతి బోటూ యాడుండేది ఆడ ఆగిపోవాల. వల సగం నీళ్ళల్లో ఉన్నా సరే, పడ్డ చేప జారిపోతా ఉన్నా సరే. మా తాతల నాటి నుంచి తప్పినోడు లేడు. ఆగనోడు ఎవురైతే వాడు మనోడు కాదు."

హరినాథ్ పద్నాలుగు నెలలు కూర్చుని ఊడబీకిన పెద్ద తాళాన్ని ఈ ముసలాయన సముద్రానికి వేస్తానంటున్నాడు. పెంచలకృష్ణకు నచ్చింది. అయితే ఇంకో ప్రశ్న మిగిలింది.

"ఆగని బోటును ఏం చేస్తారు?"

"దానికి దగ్గర్లో ఉండేవాడు ఒక్కడు కదలచ్చు. పోయి దాని ముందర వల ఏస్తాడు. ఇంజను పంకాకు చుట్టుకోని ఆగిపోతాది. తాడేసి ఒడ్డుకు లాక్కొస్తాడు. అది కట్టుబాటు."

"జెట్టీ దగ్గర ఎవరున్నారు?"

"మా చిన్నా."

అతను నోరు మూసుకుని ఉండొచ్చు. గెడకు పంచె ఎక్కుతుంది, బోటు ఆగుతుంది, ఓడ బతుకుతుంది. రేపు ఈ ముసలాయన ముఖం చూసినా తనకేమీ అనిపించదు. ఆ సంగతి తెలిసే అతనికి తనమీద తనకు అసహ్యం వేసింది. చాలా చిన్న అసహ్యం. అయినా ఎనిమిది నెలల్లో తనకు తెలిసిన మొదటి రుచి అదే.

"అన్నా, ఆ బోటు ఆగినాక పేలొచ్చు. చిన్నా దాని పక్కనే ఉంటాడు."

పోలయ్య సముద్రం వైపు తిరిగాడు.

"జెట్టీ మీద ఎంతమంది ఉండారు?"

"రెండు వందలు. తర్వాత పాలెం."

పోలయ్య పంచె విప్పాడు. చారల డ్రాయరు మీద నిలబడి, వంకర పోకుండా, రెండు ముళ్ళు వేసి గెడకు కట్టాడు. కడుతూ ఒకే మాటన్నాడు. "నాగులమ్మకు చెప్పబాక."

*

పదకొండు గంటలకు స్క్రీన్ నిలిచిపోయింది. ముప్పై రెండు చుక్కలు, గోడకు కొట్టిన మేకుల్లా. వైర్‌లెస్‌లో గరగర కూడా ఆగిపోయింది. హరినాథ్ రెండు లైన్లూ రాసి, డ్రైవర్ సిద్ధం చేసి, రెండో పాస్‌వర్డ్ అడుగుతున్న ఖాళీ గడి ముందు కూర్చున్నాడు.

పెంచలకృష్ణ మేడ మీద బైనాక్యులర్స్ పట్టుకున్నాడు. పంచె గాలికి విప్పుకుంది. అందరికంటే దగ్గర్లో ఉన్న బోటు ముందు ఆగింది. తర్వాత దాని పక్కది. ఇంజన్ల చప్పుడు ఒక్కొక్కటే తగ్గుకుంటూ పోయి, చివరికి అలల చప్పుడొక్కటే మిగిలింది.

ఒకటి మాత్రం ఆగలేదు. నీలం రంగు. టోపీ పెట్టుకున్న గడ్డిబొమ్మ నిటారుగా కూర్చుని జెట్టీ వైపు పోతోంది.

చిన్నా బోటు కదిలింది. అడ్డంగా వెళ్ళి వల పరిచింది. దొంగ బోటు వల మీదుగా వచ్చి, ఒకసారి గింజుకుని, మూతి పక్కకు తిప్పి నిలబడిపోయింది. ఓడకు మూడొందల గజాల్లో. చిన్నా తాడు విసిరి దాన్ని తన బోటుకు కట్టుకున్నాడు.

వెనక నుంచి షారన్ గొంతు వినిపించింది. "ఇంజను ఆగితే నాలుగు నిమిషాలు. తర్వాత దానంతటదే పేలుతుంది."

పెంచలకృష్ణ ఆమెను బతిమాలలేదు, బెదిరించలేదు. "మీ పగడం ఓడిపోయింది. ఓడ ఇక అందదు. మీరు ఈ పొద్దున లేచి ఎవరి మనిషో చూసుకున్నారో లేదో. ఇంకోసారి చూసుకోండి."

షారన్ నీళ్ళ వైపు చూసింది, టైము చూసుకుంది. ఆ లెక్క వేసుకోవడానికి ఆమెకు అర నిమిషం పట్టింది. తర్వాత చీర కుచ్చిళ్ళు పట్టుకుని మెట్లు దిగి, హరినాథ్ పక్కన వంగి, టైపు చేసింది. "నేనెప్పుడూ గెలిచేవాళ్ళ మనిషినే," అంది.

హరినాథ్ నిద్రలో ఉన్న పాత డ్రైవర్‌ను ఆపేసి కొత్తది ఎక్కించాడు. స్క్రీన్ కదిలింది. వైర్‌లెస్ గరగరలాడింది. ఇంకా డెబ్భై సెకన్లు. షారన్ వెనకే దిగొచ్చిన పెంచలకృష్ణ మైకు అందుకున్నాడు.

"చిన్నా! తాడు కొయ్యి! వల వదిలేసి దూరం పో!"

"ఎవురూ? మెకానిక్కా?" గాలిలో చిన్నా గొంతు. "వల కొయ్యడమేందన్నా, కొత్త వల! ఈ దొంగ నాబట్ట మా నాయన నంబరే రాసుకున్నాడు. ఊళ్ళోకి ఈడ్చుకొస్తా ఉండా, ఉండు."

"చిన్నా, అందులో మందుగుండు ఉంది! కొయ్యి!" తన గొంతు అరుస్తోందని పెంచలకృష్ణకు అప్పుడు తెలిసింది.

"ఏంది? సరిగ్గా ఇనబళ్ళే..."

చారల డ్రాయరు మీద చిన్నపోలయ్య గదిలోకి వచ్చి మైకు అందుకున్నాడు. గొంతు పెంచలేదు.

"చిన్నా. దురాయిలో ఉండావు. నాయనగా చెప్పడం లేదు, పెద్దకాపుగా చెప్తా ఉండా. తాడు కోసి దూరం రా."

"సరే పెద్దకాపా," అన్నాడు చిన్నా.

స్క్రీన్ మీద అతుక్కుని ఉన్న రెండు చుక్కలు విడిపోయాయి. ఒకటి అక్కడే ఉంది. రెండోది పాకుతోంది. ఇరవై సెకన్లు. పది. మేడ కిటికీ అద్దాలు ఒక్కసారిగా దడదడలాడాయి. సముద్రంలో తెల్లటి నీటి స్తంభం లేచి, విరిగి, కింద పడింది. నీళ్ళ గోల తగ్గేదాకా స్క్రీన్ మీద ఆ చోటంతా తెల్లటి మరక తప్ప ఏమీ కనబడలేదు. వైర్‌లెస్ పలకలేదు. పోలయ్య మైకును వదల్లేదు.

తర్వాత గరగర.

"నాయనా, వల పోయినాది."

"పోనీలేరా," అన్నాడు పోలయ్య. అప్పుడు మైకు వదిలాడు.

పెంచలకృష్ణ గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. భయం వేసింది. ఎనిమిది నెలల భయం ఒక్కసారిగా వేసింది. ఆ వెనకే సుశీల్ గుర్తొచ్చాడు. ఇడ్లీలో మొదటి ముక్క ఎప్పుడూ కాకికి వేసే సుశీల్, ఇక లేని సుశీల్. ఏడుపొచ్చింది. అందరూ చూస్తుండగా, ముక్కు కారుతూ, సిగ్గు లేకుండా ఏడ్చాడు. హరినాథ్ ఏం చెయ్యాలో తెలియక చేతిలో ఒక సున్నుండ పెట్టాడు. తియ్యగా ఉంది.

గస్తీ వాళ్ళు వచ్చి షారన్‌ను తీసుకెళ్తుంటే ఆమె తలుపు దగ్గర ఆగింది. "ఆ పేరు. అప్పుడు వద్దన్నారు. ఇప్పుడు?"

"ఇప్పుడు కావాలి," అన్నాడు పెంచలకృష్ణ, కళ్ళు తుడుచుకుంటూ.

"మీ చీఫ్‌కి సగం చెబుతాను," అని నవ్వి కారెక్కింది.

సాయంత్రం, పెద్దకాపు వైర్‌లెస్‌లో పిలిచి బోట్లన్నిటినీ ఒడ్డుకు రప్పించాక, అతను నాగులమ్మ వడ్డించిన పులుసు తిని, కారం ఎక్కువైందని గొణిగి, ఆమె చేత మొట్టికాయ తిని, రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. డిపార్టుమెంటు ఫారంలో ఆయుధాల గడి ఉంటుంది. వాడినది, దాని ప్రస్తుత స్థితి, స్టోర్సుకు తిరిగి అప్పగించే తేదీ.

అతను ఇలా నింపాడు: పంచె, తెల్లది, ఒకటి. గెడ మీదే ఉంది. పెద్దలు కూర్చుని దురాయి ఎత్తేదాకా దాన్ని దింపడానికిగానీ, మరో పంచె కట్టుకోవడానికిగానీ పెద్దకాపు గారికే అధికారం లేదు కనుక, ప్రస్తుతం ఆయన డ్రాయరు మీదే తిరుగుతున్నారు.